కాదనడమూ, విమర్శించడమూ

విమర్శ అనే మాటని మనం వాడినంత తేలిగ్గా అది మనకి పట్టుబడదు. పదేళ్ళుగా నేను కాలేజీలో తెలుగు చెబుతున్నాను. విమర్శ లక్షణాల మీద ప్రశ్నపత్రాలు తయారుచేశాను, జవాబులు దిద్దాను, మార్కులు వేశాను. అయినా 2024 డిసెంబరులో ఒక ఆదివారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో నేను చేసిన పనికి ఎన్ని మార్కులు వెయ్యాలో తెలియడానికి నాకు నెల పైన పట్టింది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను. ఇది నా ఒక్కడి తప్పే అయితే పత్రికకి ఎక్కించవలసిన అవసరం లేదు. మనలో చాలామంది చేసేదే గనక రాస్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో వెనక సందులో, ఒక ట్యుటోరియల్ మేడ మీది గదిలో మేం కొందరం నెలకొకసారి కలుసుకుంటాం. వారమంతా ఆ గదిలో గ్రూప్స్ పరీక్షలకీ, బ్యాంకు పరీక్షలకీ కోచింగు నడుస్తుంది. ఆదివారం సాయంత్రం మాత్రం మాకు వదిలిపెడతారు. వచ్చేది పదిహేను ఇరవై మంది. డిగ్రీ విద్యార్థులు, హాస్టళ్ళలో ఉండి ఉద్యోగాల కోసం చదివేవాళ్ళు, నాలాంటి అధ్యాపకులు నలుగురైదుగురు. ఎవరో ఒకరు కథో వ్యాసమో చదువుతారు. మిగతావాళ్ళం విమర్శిస్తాం. విమర్శిస్తున్నామనే ఇన్నాళ్ళూ అనుకున్నాం.

ఆ రోజు చదివినవాడు డిగ్రీ మూడో సంవత్సరం కుర్రవాడు. నల్లగొండ వైపు పల్లె. ఎల్‌బీ నగర్‌లో ముగ్గురు స్నేహితులతో కలిసి గది తీసుకుని ఉంటున్నాడు. అతని వ్యాసం క్రయోనిక్స్ గురించి. చనిపోయిన మనిషి శరీరాన్ని ద్రవ నైట్రోజన్‌లో, సున్నాకి దిగువ 196 డిగ్రీల చలిలో నిలవ చేస్తే, వైద్యం బాగా ఎదిగిన ఏ కాలంలోనో మళ్ళీ బతికించవచ్చునన్న ఆశకి ఆ పేరు పెట్టారు. అమెరికాలో రాబర్ట్ ఎటింజర్ అనే ఫిజిక్స్ మాస్టరు 1964లో ప్రచురించిన పుస్తకంతో ఈ వాదానికి ప్రచారం వచ్చింది. 1967 జనవరి 12న జేమ్స్ బెడ్‌ఫర్డ్ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడి శరీరాన్ని మొదటిసారి అలా గడ్డకట్టించారు. ఆయన శరీరం ఈనాటికీ అరిజోనాలో ఒక ఉక్కు పీపాలో ఉంది. ప్రపంచం మొత్తం మీద ఇలా ఉన్నవాళ్ళు కొన్ని వందలమంది. ఒక్కరూ లేచి రాలేదు.

కుర్రవాడు ఇదంతా చెప్పి తన వాదం పెట్టాడు. ఒకప్పుడు ఊపిరి ఆగితే చావన్నారు. ఆ తరవాత గుండె ఆగినవాణ్ణి కూడా లేపడం నేర్చుకున్నారు. అంటే చావు అనే గీత ఉన్నచోట ఉండటం లేదు, వైద్యంతో పాటు జరుగుతోంది. అలాంటప్పుడు ఇవాళ మనం చచ్చిపోయాడని తేల్చిన మనిషి నిజంగా చచ్చిపోయాడని ఎలా చెప్పగలం? ఇదీ అతని ప్రశ్న. వ్యాసంలో భాష తడబడింది, కొన్నిచోట్ల ఉత్సాహం హద్దు మీరింది. కాని ప్రశ్న మాత్రం స్పష్టంగానే ఉంది.

నేను లేచాను. నాలుగు వేల ఏళ్ళ కిందట ఈజిప్టు ఫారోలు మమ్మీలై పడుకున్నారని, ఇప్పుడు అమెరికా కోటీశ్వరులు ఐస్‌ఫ్రూట్లై పడుకుంటున్నారని అన్నాను. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో పొద్దున ఆరింటికి అడ్డా మీద నిలబడే కూలీకి ఈ పూట బతుకే దొరకనప్పుడు, వెయ్యేళ్ళ తరవాతి బతుకు గురించి మాట్లాడటం ఏ వర్గానికి సేవ అని అడిగాను. గదంతా నవ్వింది. నా తరవాత లేచినవాళ్ళు ఒకరు మూఢవిశ్వాసమన్నారు, ఒకరు పెట్టుబడిదారీ స్వప్నమన్నారు. కుర్రవాడు ఒక్క మాటకీ జవాబు చెప్పలేదు. కాగితాలు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ రాత్రి ఇంటికి వెళుతూ నేను చాలా సంతోషంగా ఉన్నానని ఒప్పుకోవాలి.

నేనన్నదాంట్లో అబద్ధం ఏమన్నా ఉందా? లేదు. శరీరం మొత్తాన్ని నిలవ చెయ్యడానికి అమెరికాలో ఒక సంస్థ రెండు లక్షల డాలర్ల పైన తీసుకుంటుంది, ఇంకొకటి 28 వేల డాలర్లు తీసుకుంటుంది. ఆ సొమ్ము ఎవరి దగ్గర ఉంటుందో అందరికీ తెలుసు. వర్గ దృష్టి తప్పు కాదు. తప్పు ఎక్కడుందంటే, నా మాటల్లో ఒక్కటి కూడా అతని ప్రశ్నని తాకలేదు. అతని వ్యాసం వినకుండా, పేరు మాత్రమే విని ఉన్నా నేను అదే ఉపన్యాసం ఇచ్చి ఉండేవాణ్ణి.

విమర్శ అన్న మాటలో ఉన్న ధాతువు మృశ్. దానికి తాకడం, తడిమి చూడటం అని అర్థం. ఈ సంగతి నేను ఏటా క్లాసులో చెబుతాను. తాకకుండా చేసేది విమర్శ కాదని చెప్పడానికి వేరే సిద్ధాంతం అక్కర్లేదు, మాటే చెబుతోంది. మన తార్కికులు ఇంకా ముందుకి పోయారు. గౌతముడి న్యాయసూత్రాల్లో చర్చ మూడు రకాలు. సత్యం తేల్చుకోడానికి ఇద్దరు కలిసి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనది అంటూ ఒక పక్షం నిలబెట్టకుండా ఎదుటివాడి పక్షాన్ని కూలగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండ. ఖండన మూడింటిలోనూ ఉంటుంది. వాదంలో ఖండన ఉండదనీ, అందరూ ఒకర్నొకరు మెచ్చుకుంటూ కూచుంటారనీ అనుకోవడం పొరపాటు. తేడా ఖండించాడా లేదా అన్నదాంట్లో లేదు, ఖండించాక చేతిలో ఏం మిగిలిందన్నదాంట్లో ఉంది. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో కవిత్వతత్త్వ విచారం రాసినప్పుడు సున్నితంగా ఏమీ రాయలేదు. కాని కళాపూర్ణోదయాన్ని ముందు పెట్టుకుని, దాని లోపలికి వెళ్ళి మాట్లాడాడు. అందుకే నూరేళ్ళు దాటినా ఆయనతో మనం ఇంకా పోట్లాడగలుగుతున్నాం. నా ఐస్‌ఫ్రూట్ ఉపన్యాసంతో పోట్లాడటానికి ఏముంది?

ఇదంతా నాకు ఆ రాత్రే తట్టిందని అనుకోకండి. తట్టడానికి వేరే సంఘటన కావలసివచ్చింది.

2025 జనవరి 17, శుక్రవారం రాత్రి ఎల్‌బీ నగర్ కామినేని ఆస్పత్రి నుంచి ఒక మనిషి గుండెని పెట్టెలో పెట్టుకుని మెట్రో రైల్లో లక్డీకాపూల్ తీసుకువెళ్ళారు. అక్కడ గ్లెనీగల్స్ గ్లోబల్ ఆస్పత్రిలో ఇంకొక మనిషి దానికోసం ఎదురుచూస్తున్నాడు. పదమూడు కిలోమీటర్లు, పదమూడు స్టేషన్లు, పదమూడు నిమిషాలు. 2021 ఫిబ్రవరి 2న కూడా అదే ఆస్పత్రి నుంచి ఒక రైతు గుండె నాగోలు స్టేషన్‌లో రైలెక్కి జూబిలీ హిల్స్ చేరింది. మనం రోజూ నిలబడి, చెమటలు కక్కుకుంటూ ప్రయాణం చేసే రైలే అది. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్, మలక్‌పేట. శరీరం నుంచి తీసిన గుండెని చల్లగా ఉంచితే నాలుగు గంటలు, మహా అయితే ఆరు గంటలు పనికివస్తుంది. ఎటింజర్ శిష్యులు చలిని నమ్ముకుని శతాబ్దాలు అడుగుతున్నారు. ఈ పెట్టెలోని చలి అడిగింది నాలుగు గంటలు. శనివారం పేపర్లో ఈ వార్త చదివినప్పుడు నాకు ఆ కుర్రవాడు గుర్తుకొచ్చాడు. గుర్తుకొచ్చి, ఇదొక మంచి జవాబు దొరికిందే అనుకున్నాను. చూశారా, అప్పటికింకా నాది జల్పమే!

మర్నాడు ఆదివారం ఎల్‌బీ నగర్ చౌరస్తాలో అతను కనిపించాడు. సంక్రాంతికి ఊరికి వెళ్ళి, నల్లగొండ బస్సు దిగి, బియ్యం సంచీ భుజాన వేసుకుని వస్తున్నాడు. టీ తాగుదాం రమ్మన్నాను. మొహమాటంగా వచ్చాడు. నేను మెట్రోలో గుండె సంగతి ఎత్తాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అన్నాడు:

"మా నాయినది కూడా అడిగిన్రు సార్. నేనే వద్దన్న."

2023 వానాకాలంలో విజయవాడ రోడ్డు మీద అతని తండ్రి బండిని లారీ గుద్దింది. సిటీలో ఒక ఆస్పత్రిలో మూడు రోజులున్నాడు. మెదడు చనిపోయిందని డాక్టర్లు చెప్పారు. తరవాత ఒకామె వచ్చి పక్కన కూచుని, నెమ్మదిగా, అవయవాలు ఇస్తారా అని అడిగింది. ఇంటికి పెద్దకొడుకు ఇతనే. అప్పటికి పంతొమ్మిదేళ్ళు.

"ఒళ్ళు వెచ్చగ ఉన్నది. ఛాతి లేస్తాంది, పడతాంది. గుండె కొట్టుకుంటుంటె సచ్చిపోయిండని ఎట్ల నమ్మాలె సార్? ఆమెను బాగ తిట్టిన. మా నాయిన్ని కోసుకుంటరా అన్న. తెల్లారి గుండె కూడ ఆగిపోయింది. అప్పటిసంది చదువుతున్న. ఎక్కడ సచ్చిపోయినట్టు, ఎక్కడ కానట్టు అని. అట్ల చదువుకుంట చదువుకుంట ఈ గడ్డకట్టించెటోళ్ళ దాక పోయిన."

అతని వ్యాసంలో తండ్రి ప్రస్తావన ఒక్క వాక్యం లేదు. ఉండవలసిన అవసరమూ లేదు. ప్రతి రచన వెనకా ఒక కన్నీటి కథ ఉంటుంది గనక ఎవరినీ ఏమీ అనరాదని నేను చెప్పబోవడం లేదు. అలా అయితే విమర్శకులు దుకాణం కట్టేసుకోవచ్చు. నేను చెప్పేది వేరు. అతని తండ్రి సంగతి తెలియకపోయినా, వ్యాసంలో ఉన్న ప్రశ్నని ప్రశ్నగా తీసుకుని ఉంటే నేను సరైన చోటికే చేరి ఉండేవాణ్ణి. చావు ఎక్కడ మొదలవుతుందని అతను అడిగాడు. నేను కోటీశ్వరుల గురించి జవాబు చెప్పాను.

ఆ రోజు నేను చెప్పవలసింది ఏమిటి? ఇప్పుడు చెబుతాను.

ఒకటి. గీత జరుగుతున్నదన్న అతని మాట నిజం. అయితే ఆ నిజం నుంచి అతను వెళ్ళిన దారి ఒక్కటే దారి కాదు. బెడ్‌ఫర్డ్‌ని గడ్డకట్టించిన 1967లోనే, డిసెంబరు 3న, దక్షిణాఫ్రికాలో క్రిస్టియాన్ బర్నార్డ్ ఒక మనిషి గుండెని ఇంకొకరికి అమర్చాడు. ఆ రోగి పద్ధెనిమిది రోజులు బతికాడు. మరుసటి ఏడు హార్వర్డ్ వైద్యుల సంఘం ఒకటి, మెదడు తిరిగిరాని విధంగా ఆగిపోవడాన్ని మరణంగా గుర్తించాలని చెప్పింది. అంటే గీతని జరిపినవాళ్ళలో వీళ్ళూ ఉన్నారు. అయితే చచ్చినవాణ్ణి బతికున్నాడనుకోడానికి కాదు, ఇంకొకణ్ణి బతికించడానికి జరిపారు. మన దేశంలో 1994 నాటి చట్టం ప్రకారం నలుగురు వైద్యులు, ఆరు గంటల వ్యవధి ఇచ్చి, రెండుసార్లు పరీక్ష చేస్తేనే మెదడు మరణాన్ని నిర్ధారిస్తారు. ఒళ్ళు వెచ్చగా ఎందుకుందో, ఛాతీ ఎందుకు లేస్తున్నదో ఆ కుర్రవాడికి ఎవరైనా ఓపిగ్గా చెప్పి ఉంటే బాగుండేది. ఆ పని వ్యాసం చదివిన రోజున మేమైనా చెయ్యవచ్చు.

రెండు. గడ్డకట్టించడంలో చిక్కు డబ్బు ఒక్కటే కాదు. కణాల చుట్టూ నీరు మంచు స్ఫటికాలై శరీరాన్ని లోపల చీలుస్తుంది. ఈ అభ్యంతరాన్ని శాస్త్రజ్ఞులు మొదట్నుంచీ చెబుతున్నారు. ఇది కాదనడం కాదు, విమర్శ. ఎందుకంటే ఏది సరిచేస్తే మాట నిలబడుతుందో అది చెబుతోంది. దాన్ని పట్టుకునే కొందరు మంచు కట్టకుండా గాజులాగా బిగుసుకునే పద్ధతి కోసం పనిచేశారు. 2023లో మినసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు ఎలుక మూత్రపిండాలని అలా నూరు రోజుల దాకా నిలవ చేసి, మళ్ళీ వెచ్చబరిచి, ఎలుకలకి అమర్చితే పనిచేశాయి. మనిషిని లేపడానికీ దీనికీ మధ్య ఉన్న దూరం ఇంతింత కాదు. కాని గుండెకి నాలుగు గంటల గడువు నాలుగు రోజులైతే, ఎల్‌బీ నగర్‌లో ఇచ్చిన గుండె లక్డీకాపూల్ దాకానే కాదు, దేశంలో ఏ మూలకైనా పోతుంది. నేను నవ్విన చలిలో ఇంత పని ఉంది.

మూడు. ఇది అందరికంటే గట్టిగా చెప్పవలసింది. కాలిఫోర్నియాలో రాబర్ట్ నెల్సన్ అనే టీవీ రిపేరు మనిషి క్రయోనిక్స్ సంఘం పెట్టి చాట్స్‌వర్త్ శ్మశానంలో నేలమాళిగలో శరీరాలు దాచాడు. కొందరి బంధువులు డబ్బు కట్టడం మానేశారు, నైట్రోజన్ నింపడానికి సొమ్ము చాల్లేదు. అతను ఆ సంగతి పైకి చెప్పలేదు. 1979లో చూసేసరికి తొమ్మిది శవాలు కరిగి కుళ్ళిపోయి ఉన్నాయి. నమ్మకం మీద నడిచే సంఘంలో లెక్కలడిగేవాడు లేకపోతే జరిగేది ఇదే. తరవాతి సంస్థలు ఆ అనుభవంతో, నిలవ ఖర్చుకి ముందే సొమ్ము కట్టించుకుని వేరే నిధిగా ఉంచడం నేర్చుకున్నాయి. బయటివాళ్ళ నవ్వు వాళ్ళకి ఇది నేర్పలేదు. లెక్క అడిగినవాళ్ళు నేర్పారు.

గుండె మార్పిడి చరిత్ర కూడా విమర్శ చరిత్రే. 1968లో ప్రపంచమంతటా నూరు దాకా ఆపరేషన్లు చేశారు. బొంబాయిలో పి.కె. సేన్ ఆ ఫిబ్రవరిలోనే చేశాడు, రోగి కొద్ది గంటల్లో పోయాడు. ఎక్కువమంది ఏడాది తిరక్కుండానే పోతూ ఉంటే చాలా ఆస్పత్రులు మానేశాయి. ఆ విమర్శ న్యాయమైనదే. అయితే స్టాన్‌ఫర్డ్‌లో నార్మన్ షమ్‌వే లాంటివాళ్ళు, శరీరం పరాయి గుండెని ఎందుకు తోసేస్తున్నదన్న ఒక్క ప్రశ్న పట్టుకుని పనిచేశారు. నార్వే మట్టిలో దొరికిన ఒక బూజు నుంచి సైక్లోస్పోరిన్ అనే మందు వచ్చాక, 1980ల్లో ఆ ఆపరేషన్ మళ్ళీ లేచి నిలబడింది. మన దేశంలో 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దాన్ని మొదటిసారి విజయవంతంగా చేసినవాడు రాజమండ్రికి చెందిన పి. వేణుగోపాల్. పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో కాదన్నవాళ్ళూ, పట్టుకుని సరిచేసినవాళ్ళూ ఇద్దరూ లోపాలే చూశారు. ఒకరు చూసి వెళ్ళిపోయారు, ఇంకొకరు చూసి కూచున్నారు.

ఈ సంగతి మా మిత్రులకి చెప్పినప్పుడు ఒక విచిత్రం జరిగింది. ఒకాయన బాగా కదిలిపోయి, ఇకమీదట మన సమావేశంలో నెగటివ్ మాటలు వద్దు, కుర్రవాళ్ళని ప్రోత్సహించాలి అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నవ్వి తోసెయ్యడమూ, మెచ్చి పంపెయ్యడమూ ఒకటే. రెండింటిలోనూ మనం ఆ రచనని తాకం. నిజానికి రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది మంచితనంలాగా కనిపిస్తుంది. చాట్స్‌వర్త్ నేలమాళిగలో కూడా అంతా ప్రోత్సాహమే. మన సంఘాల్లో ఆత్మవిమర్శ అనే మాట తరచు వినిపిస్తుంది. తీర్మానంలో చివరి పేరాగా ఉన్నంతవరకూ దానివల్ల ఎవరికీ నొప్పి లేదు.

మార్చిలో కుర్రవాడు వ్యాసం తిరగరాసి తెచ్చాడు. ఈసారి అవయవ దానం, 2013 నుంచి మన దగ్గర నడుస్తున్న జీవన్‌దాన్ పథకం, మెదడు మరణం అన్నీ ఉన్నాయి. 2024 సెప్టెంబరులో సీతారాం ఏచూరి భౌతికకాయాన్ని ఎయిమ్స్‌కి ఇవ్వడం, అక్టోబరులో జి.ఎన్. సాయిబాబా కళ్ళని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రికీ, దేహాన్ని గాంధీ మెడికల్ కాలేజీకీ ఇవ్వడం గురించి రాశాడు. క్రయోనిక్స్‌ని మాత్రం పూర్తిగా వదలలేదు. గంటన్నర సేపు చర్చ జరిగింది. ఎవరూ మెత్తగా మాట్లాడలేదు. పేద కుటుంబం అవయవం ఇస్తే అది కార్పొరేట్ ఆస్పత్రిలో లక్షలు పెట్టగలిగినవాడికే చేరుతున్నదేమో, దాని సంగతి ఎందుకు రాయలేదని ఒక విద్యార్థిని నిలదీసింది. అతను రాసుకున్నాడు. గీత ఇంకా జరుగుతుందన్న మాట మాత్రం తియ్యనన్నాడు. ఇప్పటికీ ఆ మాట మీద మా ఇద్దరికీ పడదు.

మెట్లు దిగుతూ అడిగాడు: "మరి మీరు రాసిచ్చిన్రా సార్?"

రాసివ్వలేదు. సమష్టి గురించి ఇన్నేళ్ళు ఉపన్యాసాలిచ్చిన నేను ఆ ఫారం మొహం కూడా చూడలేదు. ఆ వారం పేరు నమోదు చేశాను. అయితే మన సంతకం ఒక్కటే చాలదు, ఆ సమయానికి ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి. అమ్మకి చెప్పాను. ఆవిడ వింటూ వింటూ ఉన్న బియ్యం చేట పక్కన పెట్టేసి, నా ముందర ఆ మాట ఎత్తకురా అంది. కడుపున పుట్టినవాణ్ణి ముక్కలుగా చూడమంటావా అంది.

మూఢనమ్మకం అనే మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ గదిలో వచ్చిన నవ్వులాంటిదే అది. మింగేశాను. ఆవిడ అన్నమాట మళ్ళీ ఒకసారి విన్నాను. అందులో దేవుడు లేడు, పరలోకం లేదు. చివరి చూపు సంగతి ఉంది. అవయవాలు తీసుకున్నాక కుట్లు వేసి, మనిషిని మనిషిగానే ఇంటికి అప్పగిస్తారని చెప్పాను. నువ్వు చూశావా అంది. చూడలేదన్నాను. చూసినవాళ్ళని అడిగి వచ్చి చెప్పు అంది.

ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. అడిగి రావలసినవాడిని నేనే.